పాట అయ్యాక నోటుబుక్కు తెరవండి: కళాకారులు ఈమెయిల్ లిస్టు ఎలా కట్టుకోవాలి

మైదుకూరు దగ్గర ఒక పల్లెలో శివరాత్రి జాగరణకు మా బృందం పాడింది. తెల్లవారుజాము మూడున్నరకు మంగళం పాడి, హార్మోనియం పెట్టెలో సర్దుతుంటే ఒక పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "రెండేండ్ల కింద బ్రహ్మంగారి మఠంలో మీ తత్వాలు విన్న్యా సామీ. మా పెద్దోని పెండ్లికి మిమ్మల్నే పిల్చాల అనుకుంటి. ఎంత ఎతికినా మీ నంబరు దొరకల్యా. ఆఖరికి ఇంకెవర్నో మాట్లాడినాం" అన్నాడు.

సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. మా పాట రెండేళ్లు ఆయన మనసులో ఉండిపోయింది, బయానా మాత్రం వేరేవాళ్ల చేతికి పోయింది. తప్పు నాదే. మఠంలో పాడిన రాత్రి కూడా ఆయన ఇలాగే దగ్గరికొచ్చి మెచ్చుకునే ఉంటాడు. నేను దండం పెట్టి సరిపెట్టుకున్నాను. ఊరి పేరైనా అడగలేదు.

పాడటం నేర్పడానికి గురువులున్నారు. విన్నవాళ్లను పోగొట్టుకోకుండా ఉండటం ఎలాగో నాకెవరూ చెప్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నదే కింద రాస్తున్నాను. మీరు కడపలో వయొలిన్ వాయించినా, అనంతపురంలో బ్యాండ్ పెట్టుకున్నా, కర్నూలులో పెళ్లిళ్లకు కీబోర్డు వాయించినా పని ఒకటే.

ఫాలోవర్లు ఉన్నారు కదా అంటే

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. మా బంధువుల్లో ఒక పిల్ల అప్పటికి జానపదాలు పాడి వేలమందిని సంపాదించుకుంది. ఒక్క రాత్రిలో వాళ్లంతా మాయం. వాళ్లు చచ్చిపోలేదు, పాటలు వినడం మానేయలేదు, ఎక్కడో ఉన్నారు. కానీ ఆ పిల్ల దగ్గర ఒక్కరి చిరునామా కూడా లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయినా అంతే. మనం పెట్టిన పోస్టు మన పేజీని ఇష్టపడినవాళ్లలో ఎందరికి చూపించాలో ఆ కంపెనీ నిర్ణయిస్తుంది. అవి వద్దని చెప్పను, నేనూ వాడతాను. కాకపోతే అది బాడుగ ఇల్లు. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు.

"మన ఊర్లలో ఈమెయిల్ ఎవడు చూస్తాడప్పా" అని మా తబలా ఆయన నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. సగం నిజమే. తిరునాళ్లలో నేలమీద కూర్చుని వినేవాళ్లకు వాట్సాపే లోకం. కానీ మనల్ని డబ్బిచ్చి పిలిచేవాళ్లను ఒకసారి లెక్కేయండి: కాలేజీ వార్షికోత్సవం చూసే లెక్చరర్, హోటల్ మేనేజరు, ఈవెంట్ మేనేజరు, బ్యాంకు రిక్రియేషన్ క్లబ్బు సెక్రటరీ, కువైట్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగు సంఘం వాళ్లు. వీళ్లంతా రోజూ ఈమెయిల్ తెరుస్తారు. పైగా అందులో వచ్చింది ఆర్నెల్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పూల కింద మన పోస్టరు మధ్యాహ్నానికే పూడిపోతుంది.

ఇంకో ఇబ్బందీ ఉంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని మించి పెట్టలేం. అందులోనూ మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. నేను ఏడాదిపాటు రెండు వందల మందికి పంపుతున్నానని మురిసిపోయాను. అందులో చాలామంది నా నంబరు సేవ్ చేసుకోనే లేదు.

కాబట్టి రెండూ తీసుకోండి. ఈమెయిల్ ముఖ్యం, వాట్సాప్ నంబరు తోడు.

మొదటి పని: రెండు లిస్టులు తెరవడం

గూగుల్ షీట్‌లో ఒక ఫైలు తెరిచి రెండు పేజీలు పెట్టండి. ఒకదానికి 'వినేవాళ్లు' అని, రెండోదానికి 'పిలిచేవాళ్లు' అని పేరు పెట్టండి. ఈ రెండింటినీ కలిపేస్తే తర్వాత చాలా తిప్పలు పడతారు, నేను పడ్డాను.

ప్రతి వరుసలో పేరు, ఊరు, ఈమెయిల్, వాట్సాప్, ఎక్కడ విన్నారు, ఎప్పుడు విన్నారు, ఏం అడిగారు. చివరి గడి చిన్నదిగా కనిపిస్తుంది కానీ లిస్టు విలువంతా అందులోనే ఉంది. "కూతురు వీణ నేర్చుకుంటోంది", "వైశాఖంలో గృహప్రవేశం", "అదివో అల్లదివో రెండుసార్లు అడిగాడు". ఏడాది తర్వాత ఉత్తరం రాసేటప్పుడు ఈ ఒక్క ముక్క చాలు, అవతలివాళ్లు ఆశ్చర్యపోతారు.

ఇప్పుడే మొదలుపెడుతున్నారా? మీ ఫోన్లోని కాల్ లిస్టు, పాత పెళ్లి పత్రికలు, బయానా రాసుకున్న చిట్టీలు ముందేసుకుని కూర్చోండి. గడిచిన మూడేళ్లలో మీకు డబ్బిచ్చిన ప్రతి మనిషికీ ఫోన్ చేసి, "నెలకొకసారి మా కార్యక్రమాల గురించి ఉత్తరం రాస్తున్నాను, మీకూ పంపొచ్చా" అని అడగండి. ముప్ఫై మంది తేలినా మంచి మొదలే.

రెండో పని: కచేరీ దగ్గర పోగుచేయడం

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నోటుబుక్కు గురించి మైకులో చెప్పాల్సింది ఎప్పుడు? మంగళం అయ్యాక చెప్తే ఎవరూ ఉండరు. జనం లేచి చెప్పులు వెతుక్కుని ప్రసాదం దగ్గరికి పోతారు. మొదట్లో చెప్తే మనం ఎవరో కూడా తెలియదు. చివరి పాటకు ముందు పాట అయి, చప్పట్లు ఆగకముందే చెప్పండి. రెండు వాక్యాలు చాలు: "ఇప్పుడు పాడిన పాట మీ ఇంటికి పంపిస్తాను. కుడిపక్క మెట్ల దగ్గర మావాడు నోటుబుక్కు పట్టుకుని ఉన్నాడు, మీ పేరు, ఈమెయిల్ రాసి పోండి." తర్వాత వెంటనే ఆఖరి పాట ఎత్తుకోండి. 'మా లిస్టులో చేరండి' అంటే ఎవరూ కదలరు. పాట ఇస్తామంటే వస్తారు.

పుస్తకం దగ్గర ఒక మనిషి తప్పకుండా ఉండాలి. మాకు తబలా ఆయన తమ్ముడి కొడుకు ఆ పని చేస్తాడు, ప్రోగ్రాంకు రెండు వందలు ఇస్తాం. పెన్నును దారంతో పుస్తకానికి కట్టండి. కట్టకపోతే మొదటి పదిమందిలోనే పెన్ను పోతుంది.

ఈమెయిల్ రాయించడం పెద్ద పరీక్ష. ఇంగ్లీషు ఎల్ అక్షరానికీ ఒకటి అంకెకీ, ఓ అక్షరానికీ సున్నాకీ తేడా చేతిరాతలో తెలియదు. కింద గీత ఉందా, చుక్క ఉందా అన్నదీ అంతే. అందుకని మావాడు వాళ్లు రాసింది గట్టిగా చదివి వినిపిస్తాడు. "చుక్క ఉందా పెద్దమ్మా?" "ఉందో లేదో నాకేం తెల్సు నాయనా, మా మనవరాలు పెట్టిచ్చింది." ఇలాంటప్పుడు ఫోన్ తీసుకుని ప్లే స్టోర్ తెరవమనండి. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ మీద నొక్కితే ఆ ఫోన్‌లో ఉన్న జీమెయిల్ చిరునామా కనిపిస్తుంది. దాన్ని చూసి రాసుకోవడమే. తమకు ఈమెయిల్ ఉందని ఆ రోజే తెలుసుకున్నవాళ్లు మా పుస్తకంలో చాలామంది ఉన్నారు.

పట్నంలో, కాలేజీల్లో అయితే గూగుల్ ఫారం చేసి దాని క్యూఆర్ కోడ్ ఫ్లెక్సీ షాపులో ఏ4 సైజులో వేయించండి. ప్రశ్నలు మూడే పెట్టండి: పేరు, ఊరు, ఈమెయిల్. పుట్టినరోజు, వృత్తి, ఇష్టమైన రాగం అంటూ పొడిగిస్తే మధ్యలో వదిలేస్తారు. తిరునాళ్లలో మాత్రం క్యూఆర్‌ను నమ్ముకోవద్దు. పదివేల మంది ఒకచోట చేరితే నెట్‌వర్క్ ఉండదు. అక్కడ నోటుబుక్కే దేవుడు.

అనుమతి విషయం తేలిగ్గా తీసుకోకండి. పుస్తకం ప్రతి పేజీ పైన ఒక లైను రాసిపెట్టండి: "నెలకొక ఉత్తరం పంపుతాం, వద్దంటే ఆపేస్తాం, మీ వివరాలు ఎవరికీ ఇవ్వం." 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సారాంశం కూడా ఇదే: ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి, వద్దన్నప్పుడు వదిలేయాలి. గుడి కమిటీ దగ్గరున్న చందాదారుల పట్టీ అడిగి తెచ్చుకోవడం, ఎవరో అమ్మే 'పదివేల ఈమెయిళ్లు' కొనడం వంటివి చేయొద్దు. మన పాట వినని మనిషికి మన ఉత్తరం చెత్తే. చాలామంది దాన్ని స్పామ్ అని నొక్కితే నిజంగా విన్నవాళ్లకు కూడా మన ఉత్తరాలు చేరవు.

ఇంటికొచ్చాక నిద్ర ముంచుకొస్తున్నా సరే, మరుసటిరోజు సాయంత్రంలోపు పుస్తకంలో ఉన్నవి షీట్‌లోకి ఎక్కించండి. వారం ఆగితే ఏది ఎవరి రాతో గుర్తుండదు.

మూడో పని: దేన్నుంచి పంపాలి

యాభై మంది దాకా మీ జీమెయిల్ చాలు. కానీ చిరునామాలను పైన 'టు' దగ్గర పెట్టొద్దు, 'బీసీసీ' దగ్గర పెట్టండి. అప్పుడు ఒకరిది ఒకరికి కనబడదు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మూడేళ్ల కింద ఉగాది శుభాకాంక్షలు 83 మందికి 'టు'లో పెట్టి పంపాను. వినేవాళ్లు, పిలిచేవాళ్లు అందరూ అందులోనే. ఒక కమిటీ పెద్దాయన సంబరంగా అందరికీ వెళ్లేలా జవాబు కొట్టాడు: "శుభాకాంక్షలు. పోయినసారి మాకు తొమ్మిదివేలకే వచ్చినారు, ఈసారి కూడా అదే రేటుకు రావల్ల." అప్పటికి వారం ముందే ఇంకో ఊరి కమిటీకి నేను పదిహేనువేలు చెప్పి ఉన్నాను. వాళ్లూ ఆ 83లోనే ఉన్నారు. ఆ రోజంతా ఫోన్ ఎత్తాలంటే టెన్షన్.

లిస్టు యాభై దాటాక మెయిల్ పంపే సర్వీసుల్లోకి మారండి. మామూలు జీమెయిల్ రోజుకు 500 మందిని మించి పంపనివ్వదు. అంతకంటే ముందే, ఒకే మెయిల్‌ను గంపగుత్తగా పంపుతుంటే స్పామ్‌లో పడటం మొదలవుతుంది. బ్రేవో, మెయిలర్‌లైట్, మెయిల్‌చింప్ లాంటివి చాలా ఉన్నాయి. ఉచిత ఖాతాతో మొదలుపెట్టొచ్చు. బ్రేవోలో ఉచితంగా రోజుకు 300 మెయిళ్లు పంపొచ్చు, మన అవసరానికి ఎక్కువే. అయితే ఉచితం శాశ్వతం కాదు. మెయిల్‌చింప్ ఒకప్పుడు 2,000 చిరునామాల దాకా ఉచితంగా ఇచ్చి తర్వాత 500కు దించింది. అందుకే నెలకొకసారి లిస్టును అక్కడి నుంచి దింపుకుని మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. తాళ్లపాక వాళ్లు కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కొండ మీద భద్రంగా దాచారు కాబట్టి అన్నమయ్య పాటలు వేలకొద్దీ మనదాకా వచ్చాయి. ఆయన రాసినవి ముప్ఫైరెండు వేలంటారు. మిగతావి ఏమైపోయాయో! మన లిస్టుకు రాగిరేకులు అక్కర్లేదు, రెండు కాపీలుంటే చాలు.

కాస్త నిలదొక్కుకున్నాక బృందం పేరు మీద సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొనండి. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. జీమెయిల్ చిరునామా పెట్టి ఈ సర్వీసుల ద్వారా పంపితే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి: పంపింది నిజంగా ఆ డొమైన్ వాళ్లేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే సెట్టింగుల్లో కనీసం ఒకటి ఉండాలి. పెద్దమొత్తంలో పంపేవాళ్లయితే ఆ రెండూ, డీమార్క్ అనే ఇంకో సెట్టింగూ ఉండాలి, ఒక్క నొక్కుతో లిస్టులోంచి తప్పుకునే వీలు కూడా ఇవ్వాలి. పేర్లు విని భయపడకండి. సర్వీసువాళ్లు ఇచ్చిన మూడు నాలుగు లైన్లను డొమైన్ కొన్నచోట అతికించాలి, అంతే. చేతకాకపోతే ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు ఎవరైనా అరగంటలో చేసిపెడతాడు.

పంపేవారి పేరు దగ్గర మీ పేరో బృందం పేరో జనం పిలిచే రూపంలోనే రాయండి. 'స్వరతరంగిణి మెలొడీస్ అఫీషియల్' అంటే ఎవరికీ గుర్తు రాదు.

నాలుగో పని: ఉత్తరం

మొదటి ఉత్తరం రెండ్రోజుల్లో పోవాలి. అప్పటికింకా పాట చెవుల్లో ఉంటుంది. నేను పంపిన ఒకటి ఇక్కడ పెడుతున్నాను, పేరు మాత్రం మార్చాను.

విషయం: శివరాత్రి నాడు మీరడిగిన తత్వం

"సుబ్బరాయుడు సారుకు నమస్కారం. శివరాత్రి జాగరణలో పాడిన బృందం నుంచి రాస్తున్నాను. రెండో జాములో మీరు లేచి 'ఇంకోసారి పాడండి' అన్న తత్వం కింద లింకులో ఉంది. మా మిద్దె మీద రికార్డు చేశాం, చివర్లో పక్కింటి కుక్క కూడా శ్రుతి కలిపింది, మన్నించాలి. ఇకమీదట నెలకొక ఉత్తరం రాస్తాను. ఒక పాట, మేం ఎక్కడ పాడబోతున్నామో ఆ వివరం, అంతే. వద్దనిపిస్తే 'వద్దు' అని ఒక్కమాట రాయండి, ఆపేస్తాను. మీకు ఇంకే పాట వినాలనుందో రాస్తారా?"

ఇందులో ప్రోగ్రాం ఇవ్వమని అడగలేదు, సబ్‌స్క్రైబ్ చేయమనలేదు. ఒక ప్రశ్న అడిగాను, అదీ జవాబు రాయడం సులువైనది. ఆయన రెండు పాటల పేర్లు రాశాడు, కింద 'మా అల్లుడు కువైట్‌లో ఉన్నాడు, ఆయనకూ పంపండి' అని మెయిల్ ఇచ్చాడు. (ఆ అల్లుడికి ముందు ఒక మాట రాసి, ఆయన సరేనన్నాకే లిస్టులో చేర్చాను.) జవాబులు వస్తున్న చిరునామా నుంచి వచ్చే మెయిళ్లను జీమెయిల్ కూడా తెలిసినవాళ్లవిగా చూస్తుంది, 'ప్రమోషన్స్' అరలోకి తోసేయడం తగ్గుతుంది.

తర్వాత నెలనెలా రాసేదానికి పెద్ద ప్లాను అక్కర్లేదు. ఒక చిన్న సంగతి, ఒక పాట లింకు, రాబోయే తేదీలు, ఒకే ఒక్క కోరిక. సంగతి అంటే గొప్పలు కాదు. 'మా ప్రదర్శన అద్భుతంగా జరిగింది, ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు' అని రాస్తే చదివేవాళ్లు ఆవులిస్తారు. జనరేటర్ ఆగిపోయి మైకు లేకుండా పాడితే వెనక వరుసలో ముసలమ్మ పల్లవి అందుకుందని రాయండి, చదువుతారు. పాట వెనక కథ చెప్పినా ఇష్టపడతారు. అన్నమయ్య కీర్తనలు ఎన్నింటికో స్వరాలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురం జిల్లాలో పుట్టినవారని ఒక నెల రాశాను. ఆయనకు 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆ ఉత్తరానికి వచ్చినన్ని జవాబులు మా ప్రోగ్రాం ఫోటోలకు ఎప్పుడూ రాలేదు.

కొన్ని చిల్లర సంగతులు. పాటను మెయిల్‌కు తగిలించొద్దు, జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే పోదు, పోయినా ఫోన్లో తెరవడానికి విసుక్కుంటారు. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అని పెట్టి లింకు ఇవ్వండి. లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది కాబట్టి 'మీకోసం ముందుగా' అన్న మాట నిజమవుతుంది. పోస్టరు బొమ్మ ఒక్కటే అతికించి పంపడం మానేయండి. ఉత్తరం తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే రెండో పేరాకే కళ్లు లాగుతాయి. హోటళ్లకు, కంపెనీలకు మాత్రం ఇంగ్లీషులో రాయక తప్పదు.

ఎప్పుడు పంపాలి

మన పని పంచాంగంతో నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మనకు చేతినిండా ఖాళీ. ఆ నెలలోనే శ్రావణం పెళ్లిళ్లు, వినాయక చవితి మంటపాల గురించి రాయాలి. చవితి వారంలో రాస్తే అప్పటికే మైక్‌సెట్‌తో సహా అంతా మాట్లాడేసి ఉంటారు. దసరాకు ప్రొద్దుటూరు లాంటి చోట ఉత్సవ కమిటీలు ముందే కూర్చుంటాయి, శ్రావణం దాటనివ్వొద్దు. కార్తీకం, ధనుర్మాసం గుళ్లకు కనీసం నెలన్నర ముందు. శ్రీరామనవమికి, ఒంటిమిట్ట చుట్టుపక్కల జరిగే వాటికి మాఘంలోనే. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణంలో వస్తుంది, అటువైపు పాడాలనుకుంటే ఎండాకాలంలోనే కదలాలి.

రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్ల సంగతి వేరు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం మనం తీరిగ్గా పంపితే వాళ్లు పనిలో ఉంటారు. గురువారం రాత్రి మన టైము తొమ్మిదికి పంపితే అక్కడ ఆరున్నర, పని ముగించుకుని రూముకొచ్చి ఫోన్ తీసే వేళ. ఇంటి మీద బెంగ ఉన్న మనిషికి ఊరి తిరునాళ్ల పాట ఆ వేళకు అందితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంట్లో శుభకార్యం ఉందంటే పాటకచేరీ ఖర్చు నాదేనని అక్కడినుంచే పురమాయించినవాళ్లు మా లిస్టులో ముగ్గురున్నారు.

పిలిచేవాళ్లకు రాసే ఉత్తరం వేరు

వీళ్లకు గంపగుత్తగా పంపొద్దు, ఒక్కొక్కరికి విడిగా రాయండి. మన గొప్ప కంటే వాళ్లకు కావలసింది నిబ్బరం: ఈ మనిషి టైముకు వస్తాడా, ఎంతమంది వస్తారు, ఎంతసేపు పాడతారు, స్టేజి మీద ఏం కావాలి. నేను ఎనిమిది లైన్లకు మించను. ఎవరి ద్వారా తెలిసిందో ఒక లైను. బృందంలో ఐదుగురం, రెండు గంటల కార్యక్రమం, నాలుగు మైకులు, ఒక మానిటర్ (మా పాట మాకు వినబడేలా స్టేజి మీద పెట్టే స్పీకరు) చాలు, కడప నుంచి సొంత బండిలో వస్తాం. మూడు నిమిషాల వీడియో లింకు ఒకటి, అదీ జనం మధ్య పాడింది, స్టూడియోది వద్దు. ఆకాశవాణిలో గ్రేడు ఉంటే ఆ ఒక్కమాట తప్పకుండా రాయండి, గుడివాళ్లకు, సభలవాళ్లకు దాని మీద గౌరవం ఉంది. చివర్లో ఫోన్ నంబరు.

రేటు మెయిల్‌లో రాయాలా? నేను రాయను. 'ఊరు, తేదీ, సమయం చెప్తే అదేరోజు లెక్క చెప్తాను' అంటాను. 83 మంది కథ తర్వాత నాకా భయం పోలేదు. ఈవెంట్ మేనేజర్లు అడిగితే మాత్రం రాతపూర్వకంగానే ఇవ్వండి, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు అన్నదీ అందులోనే. నోటిమాట మీద పోయి రాత్రి ఒంటిగంటకు డబ్బుల కోసం నిలబడటం కంటే ఇది మేలు.

పదిరోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి. "మెయిల్ పంపినాను సార్, చూసినారా" అనడానికి ఒక కారణం చేతిలో ఉంటుంది. అప్పుడూ లేదంటే వచ్చే పండగదాకా వదిలేయండి.

డబ్బు అడగొచ్చా

అడగొచ్చు, ఏడాదికి ఒకసారి. ఆల్బం రికార్డింగ్‌కో కొత్త తబలాకో ఎంత కావాలో, ఎంత ఉందో లెక్క రాసి యూపీఐ క్యూఆర్ పెట్టండి. ఇచ్చినవాళ్లకు ఆ పాట అందరికంటే ముందు పంపండి, ఖర్చు లెక్క కూడా పంపండి. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లకు కూడా మొదటి శిష్యులు ఈ లిస్టులోంచే వస్తారు. మాకు వచ్చిన ఐదుగురిలో నలుగురు అలా వచ్చినవాళ్లే.

లిస్టును కడిగి పెట్టుకోవడం

ఎంతమంది తెరిచారో సర్వీసువాళ్లు అంకెలు చూపిస్తారు. వాటిని పట్టుకుని వేలాడకండి. 2021 నుంచి ఆపిల్ ఫోన్లలో మెయిల్ యాప్ వాడేవాళ్లు తెరవకపోయినా తెరిచినట్టు కనబడొచ్చు. నేను జవాబులు లెక్కపెడతాను. ఏడాదిగా ఉలుకూ పలుకూ లేనివాళ్లకు "ఇంకా పంపమంటారా" అని ఒకసారి అడిగి, అప్పటికీ మాట్లాడకపోతే తీసేస్తాను. వద్దన్నవాళ్లను అదేరోజు తీసేయండి, ఎందుకని అడగొద్దు. మా మేనమామే తీసేయమన్నాడు. పెళ్లిలో కనబడితే నేనేమీ అనుకోలేదన్నట్టు పలకరించాను, అనుకున్నాను గానీ.

ఇక తిరిగొచ్చే మెయిళ్లు. చిరునామా తప్పయితే అవతల అలాంటి ఖాతా లేదని వెంటనే తిరిగొస్తుంది. అవి ఎక్కువైతే మనం పంపే మిగతా మెయిళ్ల మీద కూడా అనుమానం పడుతుంది కాబట్టి ప్రతి ఉత్తరం తర్వాత వాటిని తీసి పక్కన రాసుకోండి, నోటుబుక్కు పేజీతో సరిచూడండి. సాధారణంగా ఒక అక్షరమే తేడా ఉంటుంది. వాట్సాప్ నంబరు ఉంటే అడిగి దిద్దుకోవచ్చు.

నా దగ్గర ఒకటి అలాగే మిగిలిపోయింది. మనవరాలు పెట్టిచ్చిందన్న పెద్దమ్మది. ఆ రాత్రి ప్లే స్టోర్ తెరిచేలోపే ఆమె ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, గుర్తున్నంత వరకు చెప్పి రాయించింది. ఎల్ అక్షరంతో ఒకసారి, ఒకటి అంకెతో ఒకసారి పంపాను, రెండూ తిరిగొచ్చాయి. ఫోన్ నంబరు రాయించుకోవడం మావాడు మరిచాడు. ఊరి పేరు మాత్రం ఉంది. వచ్చే శివరాత్రికి మళ్లీ అక్కడే పాడుతున్నాం, ఆ పేజీకి గుర్తు పెట్టుకున్నాను.